ఇంక్‌స్కేప్‌లో కొవ్వొత్తి వెలిగించటం: ప్రాజెక్టు డైరీ

ఫ్లెక్సుకో కార్డుకో కొవ్వొత్తి బొమ్మ కావాల్సొచ్చి, నెట్లోంచి ఒక జేపీజీ దించుకుని, దాన్ని 6 అడుగులకి లాగేసరికి గళ్ళు గళ్ళుగా పగిలిపోయి, ఏం చెయ్యాలో తోచనోళ్ళ కోసం ఇది రాస్తన్నా. ఒంగోల్లో మా పిన్ని వాళ్ళ చర్చికి క్రిస్మస్ ఫ్లెక్సు, సైజు 6 అడుగులు బై 4, దాని కోసం మొదలైన పని. అంకెలు, రంగులు, పనిచెయ్యనివి, ఎందుకు పనిచెయ్యలేదో, అన్నీ వరసగా పెట్టా. ఎవరైనా చూసి అట్టాగే చేసుకోవచ్చు.

వాడినవి:
1. ఇంక్‌స్కేప్ 1.3. బొమ్మని పిక్సెల్ గళ్ళతో కాకుండా గీతల లెక్కలతో గీసే (వెక్టర్) సాఫ్ట్‌వేర్. ఫ్రీ, డబ్బులు కట్టే పన్లేదు.
2. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్, మామూలు మౌసు. పెన్ టాబ్లెట్ అవసరం పళ్ళా.
3. ఫోన్ కెమెరా, అడుగు స్కేలు, కిరాణా కొట్లో దొరికే తెల్ల కొవ్వొత్తి.

రంగులన్నీ ఎరుపు-ఆకుపచ్చ-నీలం (ఆర్‌జీబీ) వరసలో, 0 నుంచి 255 లెక్కన రాశా. ఒపాసిటీ (రంగు ఎంత దట్టంగా కప్పుద్దో), బ్లర్ (అంచు మసకబరచటం) శాతాల్లో.

దశ 1: అసలు కొవ్వొత్తిని కొలవటం

నెల్లూరులో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుఫాన్లు, కరెంటు పోవటం మామూలే కాబట్టి ఇంట్లో కొవ్వొత్తులకి కొదవ లేదు. ఫ్యాను ఆపి, కిటికీ మూసి, గది చీకటి చేసి వెలిగించా. ఒక్క పది నిమిషాలు ఆగితే మంట నిలకడగా నిలబడద్ది.

ఫోన్‌తో ఊరికే ఫోటో తీస్తే మంట మొత్తం తెల్లగా కొట్టుకుపోద్ది, అందులో రంగులేమీ కనపడవు. స్క్రీన్ మీద మంట దగ్గరే వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని బాగా కిందకి లాగండి. గదంతా నల్లగా అయిపోయి, మంటలోపల ఏముందో అప్పుడు బయటపడద్ది: అడుగున నీలం, ఒత్తి చుట్టూ గోధుమరంగు మసక, పైన పసుపు తెలుపు, కొన దగ్గర సన్నగా నారింజ. ఇంకో ఫోటో మామూలు ఎక్స్‌పోజర్‌లో, అంటే వెలుగు తగ్గించకుండా తీసుకోండి, అది మైనం కోసం. రెండూ కావాలి.

స్కేలు పక్కన పెట్టి తీసిన కొలతలు:
1. కొవ్వొత్తి మందం 2 సెం.మీ.
2. మంట ఎత్తు 3.5 సెం.మీ., వెడల్పు 9 మి.మీ. అంటే వెడల్పుకి దాదాపు నాలుగింతలు ఎత్తు.
3. మంట బాగా వెడల్పుగా ఉండేది మధ్యలో కాదు, అడుగు నుంచి మూడో వంతు ఎత్తులో.
4. మైనంలోంచి పైకి కనపడే ఒత్తి 8 మి.మీ., నిటారుగా ఉండదు, ఒక పక్కకి వంగి కొన మంట అంచుకి తగులుద్ది.

1 సెం.మీ. అంటే 100 పిక్సెల్ అనుకున్నా. ఇట్టా పెట్టుకుంటే స్కేలు మీద చూసింది నేరుగా కాన్వాస్ మీద గీసెయ్యొచ్చు. కాన్వాస్ 1200 బై 1600.

ఇంకోటి, ఉదయం ఎండ కిటికీలోంచి పడేటప్పుడు వెలిగించిన కొవ్వొత్తిని ఆ ఎండలో పెట్టి గోడ మీద నీడ చూడండి. మంటకి కూడా నీడ ఉంటది! అది కూడా, మంటలో బాగా వెలిగే భాగానిదే ముదురు నీడ. ఎందుకంటే ఆ పసుపు వెలుగు ఇచ్చేది కాలకుండా మిగిలిన సన్నటి మసి కణాలు, వేడికి ఎర్రబడి వెలుగుతుంటాయి, ఎండని అడ్డుకునేవి కూడా అవే. ఆ నీడ అంచు మీద పెన్సిల్ తిప్పితే మంట ఆకారం చేతికొచ్చినట్టే.

దశ 2: బ్యాక్‌గ్రౌండు

1. రెక్టాంగిల్ టూల్‌తో కాన్వాస్ నిండా ఒకటి. రంగు 22-12-8.
2. అడుగున 300 పిక్సెల్ ఎత్తు బల్ల. రంగు 34-19-12.

పూర్తి నలుపు 0-0-0 పెట్టి చూశా, పక్కన ఎంత గ్లో (మంట చుట్టూ పాకే వెలుగు) వేసినా అతికించినట్టే ఉంది. కొవ్వొత్తి వెలిగే గదిలో పూర్తి నలుపు ఎక్కడా ఉండదు, మూలల్లో కూడా కొద్దిగా ఎర్రగోధుమ ఉంటది. ఆ కొద్ది ఎరుపే మొత్తానికి వేడి తెస్తది.

లెక్క (ఇప్పటిదాకా మొత్తం): ఆబ్జెక్టులు 2, బ్లర్లు 0.

దశ 3: మైనం

ఎక్కువ టైం తిన్నది ఇదే.

సిలిండర్ అనగానే అందరం చేసే పని ఏంది, అడ్డంగా లీనియర్ గ్రేడియెంట్ (ఒక రంగు నుంచి ఇంకో రంగుకి తిన్నగా, మెల్లగా మారటం), అంచులు ముదురు, మధ్యలో లేత. అది వేస్తే అచ్చం పీవీసీ పైపు ముక్క నిలబెట్టినట్టు వచ్చింది. దాని మీద మంట కూడా పెట్టి మా అమ్మమ్మకి చూపిస్తే, "మంట బాగుంది నాయనా, కొవ్వొత్తే వెలగలా" అనింది. అసలు సంగతి ఆమె ఒక్క మాటలో పట్టేసింది. అడ్డంగా వేసిన షేడింగ్ చెప్పేది ఏందంటే, వెలుగు ఎదుటి నుంచి వస్తా ఉంది అని. కానీ కొవ్వొత్తికి వెలుగు పైనుంచి వస్తది, మైనం లోపలికి దిగుద్ది, లోపల చెల్లాచెదురై మళ్ళీ పక్కల నుంచి బయటికొస్తది. అందుకే మంట కింద రెండు మూడు సెంటీమీటర్లు మైనమే లాంతరు చిమ్నీ లోపలి నుంచి వెలిగినట్టు ఉంటది, కిందకి పోయేకొద్దీ ఆరిపోద్ది.

మామూలు ఎక్స్‌పోజర్ ఫోటోని ఇంక్‌స్కేప్‌లోకి తెచ్చి, డ్రాపర్ టూల్‌తో పైనుంచి కిందకి ప్రతి సెంటీమీటరుకి ఒక చోట రంగు తీసి చూశా. రెండు సెంటీమీటర్లు దిగేసరికే వెలుగు దాదాపు సగమైపోయింది, ఆ తర్వాత మెల్లగా తగ్గింది. కాబట్టి గ్రేడియెంట్‌కి రెండు స్టాప్‌లు (రంగు పెట్టే చోట్లు) సరిపోవు, పైభాగంలోనే ఎక్కువ పెట్టాలి.

మార్చిన తర్వాత:
1. ఒళ్ళు: 200 బై 800 రెక్టాంగిల్, నిలువు గ్రేడియెంట్. పైన 255-222-150, 10 శాతం దగ్గర 250-186-100, 25 దగ్గర 206-124-62, 55 దగ్గర 128-70-42, అడుగున 74-40-28.
2. రెండు పక్కలా 40 పిక్సెల్ వెడల్పు పట్టీలు, రంగు 70-30-15, ఒపాసిటీ 35, బ్లర్ 12. ఒంటి అంచు దాటి బయటికి కనపడకుండా క్లిప్ చేసి పెట్టా. సిలిండర్ గుండ్రం తెలియటానికి ఇంతే చాలు. పట్టీలు పైన 100 పిక్సెల్ వదిలేసి మొదలుపెట్టాలి, వెలిగే చోట అంచులు ముదురుగా ఉండకూడదు.
3. పై అంచు: 200 బై 36 ఎలిప్స్ (సాగదీసిన వృత్తం), 255-236-180.
4. కరిగిన మైనం: దాని లోపల 160 బై 24 ఎలిప్స్, 255-206-120, ముందు అంచు వైపు కొద్దిగా ముదురు. కరిగిన మైనం గాజులాగా పారదర్శకం కదా, అందుకే గట్టి అంచు కంటే ఇది ఒక మెట్టు ముదురు. తిరగేసి పెడితే గుంట కనపడదు, మూతలా ఉంటది.
5. కారిన చుక్క: ఒక పక్క 150 పిక్సెల్ పొడుగు. ఒంటి రంగే, కాకపోతే ఒక మెట్టు లేత. దాని మీద సన్నటి తెల్ల గీత, ఒపాసిటీ 40, బ్లర్ 15. చుక్క ఒకటే పెట్టండి, నాలుగైదు పెడితే మంట మీద కన్ను నిలవదు.

బ్లర్ గురించి ఇక్కడే చెప్పాలి. ఇంక్‌స్కేప్‌లో బ్లర్ శాతం ఆబ్జెక్టు సైజుని బట్టి లెక్కేసుకుంటది. 800 పిక్సెల్ పొడుగు పట్టీకి 12 పెడితే పక్కకంతా పాకుద్ది, చిన్న ముక్కకి అదే 12 పెడితే అంచు మెత్తబడినట్టే ఉండదు. కాబట్టి నా శాతాలు ఈ సైజు కాన్వాస్‌కే. మీ కాన్వాస్ వేరైతే ముందు నేను చెప్పిన సైజులోనే గీసి, అన్నీ గ్రూప్ చేసి, తర్వాత పెంచుకోండి, బ్లర్ కూడా దాంతోపాటే పెరుగుద్ది.

మెష్ గ్రేడియెంట్ (వలలాగా చాలా చోట్ల రంగులు పెట్టే గ్రేడియెంట్) వాడొచ్చు కదా అంటారు. మైనానికి బాగా నప్పుద్ది, నిజమే. ఇంక్‌స్కేప్‌లో 0.92 వెర్షన్ నుంచి ఉంది కూడా. కానీ బ్రౌజర్లు దాన్ని సొంతంగా చూపించవు, వేరే సాఫ్ట్‌వేర్లలో తెరిస్తే ఏమొస్తదో నమ్మకం లేదు. ఫైలు పది చేతులు మారేదైతే దాని జోలికి పోవద్దు.

లెక్క: ఆబ్జెక్టులు 9, బ్లర్లు 3.

దశ 4: ఒత్తి

1. పెన్ టూల్, 3 నోడ్లు (గీత ఆకారాన్ని పట్టుకునే చుక్కలు), 80 పిక్సెల్ పొడుగు, కుడికి వంపు. స్ట్రోక్ 7 పిక్సెల్, రంగు 38-22-16.
2. అడుగున 20 పిక్సెల్ దాకా లేత ముక్క, 214-160-100. మైనంలో నానిన చోటు నల్లగా ఉండదు.
3. కొన మీద 8 పిక్సెల్ చుక్క, 255-96-36, బ్లర్ 20.

కొన ఎర్రగా ఎందుకంటే, అల్లిన నూలు ఒత్తి కాలేకొద్దీ వంగి, మంట అంచున బాగా వేడిగా ఉండే చోటుకి పోయి, గాలి తగిలి అక్కడే కాలిపోద్ది. అందుకే ఇప్పటి కొవ్వొత్తులకి ఒత్తి కత్తిరించే పని తక్కువ. నిటారుగా గీస్తే ఈ ఎర్ర చుక్కకి చోటే ఉండదు.

లెక్క: ఆబ్జెక్టులు 12, బ్లర్లు 4.

దశ 5: మంట

లోపల పసుపు, చుట్టూ నారింజ, బయట ఎరుపు. స్టిక్కర్ల మీద ఎక్కడ చూసినా ఇదే. ఈ మూడు పొరలూ ఎంత మెత్తగా బ్లర్ చేసినా స్టిక్కరే కనపడద్ది, కొవ్వొత్తి కనపడదు. తక్కువ ఎక్స్‌పోజర్ ఫోటో తెరిచి చూడండి: మంటలో ముప్పాతిక భాగం లేత పసుపు, తెలుపుకి దగ్గర. నారింజ ఉండేది అంచున వెంట్రుక మందం, కొన దగ్గర కొంచెం. ఎరుపు లేనే లేదు, ఒత్తి కొన తప్ప.

మంటలో ఏ చోటు ఎందుకట్టా ఉంటదో తెలిస్తే రంగులు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. అడుగున గాలి బాగా దొరుకుద్ది, అక్కడ ఆవిరి శుభ్రంగా కాలి నీలం వస్తది. ఒత్తి చుట్టూ మసకగా ఉండేది ఇంకా కాలని మైనం ఆవిరి. మైకేల్ ఫారడే 1860లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్ క్రిస్మస్ ఉపన్యాసాల్లో ఆ మసక చోటులో గాజు గొట్టం పెట్టి, ఆవిరిని బయటికి లాగి, గొట్టం రెండో కొన దగ్గర వెలిగించి పిల్లలకి చూపించాడు. దాని పైన మసి కణాలు వెలిగే పసుపు భాగం, సుమారు 1200 డిగ్రీల సెంటీగ్రేడు. చుట్టూ కంటికి సరిగ్గా ఆనని పల్చటి పొర ఒకటి ఉంటది, వేడి అన్నిటికంటే ఎక్కువ అక్కడే, సుమారు 1400. కాబట్టి పొరలు ఐదు.

1. మంట ఒళ్ళు. 4 నోడ్లు: అడుగు, ఎడమ, కుడి, కొన. 90 బై 350. పక్క నోడ్లు అడుగు నుంచి 115 పిక్సెల్ ఎత్తులో. కొనని 6 పిక్సెల్ పక్కకి జరపండి, రెండు పక్కలా సమానంగా ఉన్న మంట బల్బులా ఉంటది. నిలువు గ్రేడియెంట్: అడుగున 60-90-200 ఒపాసిటీ 0, 15 శాతం దగ్గర 255-170-60 ఒపాసిటీ 55, 35 దగ్గర 255-238-176, 75 దగ్గర 255-216-116, కొన 255-140-44 ఒపాసిటీ 70. బ్లర్ 6.
2. నడిమి వెలుగు. ఒంటిని కంట్రోల్ డీతో డూప్లికేట్ చేసి, వెడల్పు 55 శాతం, ఎత్తు 60 శాతానికి తగ్గించి, ఒత్తి కొన పైకి జరపాలి. 255-252-232, బ్లర్ 12.
3. మసక చోటు. ఒత్తి చుట్టూ 30 బై 70. 120-62-28, ఒపాసిటీ 45, బ్లర్ 15.
4. నీలం. రెండు ఎలిప్సులు ఒకదాని మీద ఒకటి పెట్టి డిఫరెన్స్ చేస్తే (ఒకదాంట్లోంచి ఇంకోటి కోసేస్తే) చంద్రవంక వస్తది, 80 వెడల్పు, 60 ఎత్తు. 50-90-220, ఒపాసిటీ 50, బ్లర్ 12, బ్లెండ్ మోడ్ (కింది రంగుతో కలిసే పద్ధతి) స్క్రీన్, అంటే కింది రంగుకి వెలుగు కలిపేది.
5. బయటి పొర. 110 బై 380, 255-120-34, ఒపాసిటీ 20, బ్లర్ 10. అన్నిటికీ వెనక.

నీలం చాలాసేపు ఏడిపించింది. పసుపు మీద నీలం పెడితే బూడిదరంగు మురికి వస్తది, ఒపాసిటీ తగ్గిస్తే మురికి పల్చబడద్ది అంతే, పోదు. స్క్రీన్ మోడ్ పెడితే నీలం పోయి తెల్లబడింది. ఇబ్బంది నీలంలో లేదు, దాని కింద ఉన్న పసుపులో ఉంది. మంట అడుగున పసుపు అసలు లేదు, అక్కడినుంచి వెనక చీకటి కనపడతది. అందుకే ఒంటి గ్రేడియెంట్ అడుగు స్టాప్ ఒపాసిటీ 0 చేశా. నీలం కింద ఇప్పుడు చీకటే ఉంది, వెంటనే నీలం నీలంగా నిలబడింది. ఈ ఒక్క స్టాప్ మార్చటంతో మంట గాల్లో తేలినట్టు పల్చగా అయింది, ఈ మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన చోటు ఇదే.

నడిమి వెలుగుకి 255-255-255 పెట్టకండి. కంప్యూటర్ స్క్రీన్ తెలుపు 6500 కెల్విన్ (వెలుగు రంగుని కొలిచే లెక్క, అంకె తగ్గేకొద్దీ ఎర్రగా ఉంటది) లెక్కన ఉంటది, కొవ్వొత్తి వెలుగు 1900 చుట్టుపక్కల. పూర్తి తెలుపు పెడితే ట్యూబ్‌లైట్ చల్లదనం వచ్చేస్తది.

లెక్క: ఆబ్జెక్టులు 17, బ్లర్లు 9.

దశ 6: గ్లో

ఒక పెద్ద వృత్తం, లేత పసుపు, బ్లర్ 50. అందరూ చెప్పేది ఇదే. దాన్ని ఫ్లెక్సులు కొట్టే ఒక అన్నకి పంపిస్తే ఫోన్ చేసి, "ఏంది అబ్బయా, మంట చుట్టూ పొగ పెట్టినావు" అన్నాడు. నిజంగానే పొగ. వెలుగైతే బ్యాక్‌గ్రౌండు ఇంకా కనపడాలి, ఇది బ్యాక్‌గ్రౌండుని కప్పేస్తా ఉంది. దీనికి రెండు కారణాలు.

ఒకటి, నార్మల్ మోడ్. నార్మల్‌లో లేత రంగు వేస్తే అది పెయింటు పూసినట్టే. స్క్రీన్‌లో వేస్తే కింద ఉన్నదానికి వెలుగు కలుస్తది.

రెండు, తగ్గే తీరు. వెలుగు దూరానికి సమానంగా తగ్గదు, దూరం రెండింతలైతే నాలుగో వంతే మిగులుద్ది. రెండు స్టాప్‌ల రేడియల్ గ్రేడియెంట్ (మధ్య నుంచి చుట్టూ పాకేది) మాత్రం సమానంగా తగ్గించుకుంటా పోయి చివర్న ఒక బిళ్ళ అంచు చూపిస్తది. కాబట్టి ఐదు స్టాప్‌లు: మధ్యలో 55 శాతం ఒపాసిటీ, 15 దగ్గర 28, 40 దగ్గర 9, 70 దగ్గర 2.5, చివర 0.

బ్లర్ తీసేసి ఇట్టా గ్రేడియెంట్లతోనే మూడు ఎలిప్సులు:
1. చిన్నది, 240 బై 460, రంగు 255-214-130.
2. నడిమిది, 700 బై 900, రంగు 255-150-60.
3. పెద్దది, 1500 బై 1700, రంగు 150-60-24.

మూడూ స్క్రీన్ మోడ్. బయటికి పోయేకొద్దీ రంగు ఎర్రబడాలి, మూడూ ఒకే పసుపైతే మళ్ళీ పొగే. కేంద్రం మంట మధ్యలో కాదు, 60 శాతం ఎత్తులో, బాగా వెలిగే మసి భాగం అక్కడుంది కాబట్టి. చిన్నది మంట ముందు, మిగిలిన రెండూ మంట వెనక, మైనం ముందు. నడిమిది మైనం మీద పడాలి, అప్పుడే కొవ్వొత్తీ మంటా ఒకే గదిలో ఉన్నట్టు ఉంటది.

బ్లర్ తగ్గించినందుకు లాప్‌టాప్ కూడా ఊపిరి పీల్చుకుంది. జూమ్ చేస్తే నిలిచిపోతుంటే వ్యూ మెనూలో డిస్‌ప్లే మోడ్ నో ఫిల్టర్స్ పెట్టుకుని పనిచేసి, చూసుకునేటప్పుడు నార్మల్‌కి మార్చుకోండి.

లెక్క: ఆబ్జెక్టులు 20, బ్లర్లు 9.

దశ 7: బల్ల

దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు. బల్ల మీద వెలుగు మచ్చ గీసేటప్పుడు బాగా వెలుగు కొవ్వొత్తి మొదట్లో పెట్టాలని చెయ్యి పోతది. అక్కడ కొవ్వొత్తి నీడే పడుద్ది. వెలుగు మచ్చ కొంచెం దూరంలో మొదలవ్వాలి.

1. వెలుగు: 900 బై 180 ఎలిప్స్, రేడియల్ గ్రేడియెంట్, 255-160-80, ఒపాసిటీ 30 నుంచి 0, స్క్రీన్.
2. నీడ: మొదట్లో 260 బై 50 ఎలిప్స్, 20-10-6, ఒపాసిటీ 60, బ్లర్ 18, మోడ్ మల్టిప్లై (కింది రంగుని ముదురు చేసేది).

లెక్క: ఆబ్జెక్టులు 22, బ్లర్లు 10, ఫైలు 41 కేబీ. ఫైల్ మెనూలో క్లీన్ అప్ డాక్యుమెంట్ నొక్కితే వాడని గ్రేడియెంట్లు పోయి 29 కేబీ.

దశ 8: ప్రింటు

వెక్టర్ ఎంత పెంచినా పగలదు అనే మాట గీతలకీ గ్రేడియెంట్లకీ నిజం, బ్లర్‌కి కాదు. పీడీఎఫ్‌గా సేవ్ చేసేటప్పుడు బ్లర్ ఉన్న ప్రతిదాన్నీ ఇంక్‌స్కేప్ పిక్సెల్ బొమ్మగా మార్చేస్తది, దాని రిజల్యూషన్ మామూలుగా అంగుళానికి 96 పిక్సెల్ ఉంటది. ఆ డైలాగ్‌లో రాస్టరైజేషన్ రిజల్యూషన్ 300 పెట్టుకోండి. లేకపోతే మంట అంచులే గళ్ళు పడతాయి, ఏ తిప్పలు తప్పించుకుందామని ఇదంతా చేశామో అదే మళ్ళీ.

ఫ్లెక్సుకి మాత్రం పీడీఎఫ్ ఇవ్వలా, పీఎన్‌జీ ఇచ్చా. ఫ్లెక్సు మొత్తం వెడల్పు 6 అడుగులంటే 72 అంగుళాలు, అంగుళానికి 72 పిక్సెల్ చొప్పున 5184, ఎత్తు 4 అడుగులకి 3456. ఫ్లెక్సుని దూరం నుంచే చూస్తారు కాబట్టి ఇది చాలు.

చిన్న ముక్క శాంపిల్ కొట్టించి చూస్తే మూడు తేడాలు:
1. బయటి గ్లో మాయం, మొత్తం నలుపే. స్క్రీన్ మీద కనపడే ముదురు ఎరుపులు ఇంకులో మూసుకుపోయినయ్. పెద్ద ఎలిప్స్ ఒపాసిటీలన్నీ ఒకటిన్నర రెట్లు చేసి, బ్యాక్‌గ్రౌండుని 22-12-8 నుంచి 32-17-11కి పెంచా.
2. నారింజ చప్పబడింది. ఇంక్‌స్కేప్ ఆర్‌జీబీలోనే పనిచేస్తది, షాపు మెషిన్ సీఎంవైకేకి (ప్రింటు ఇంకుల నాలుగు రంగులకి) మార్చుకుంటది, నిగనిగలాడే నారింజ ఆ ఇంకులకి అందదు. నారింజని ఎక్కించే బదులు దాని చుట్టూ ఉన్నదాన్ని తగ్గించా, మైనం అడుగు స్టాప్ 74-40-28 కాస్తా 60-32-24 చేస్తే పైభాగం దానంతటదే వెలిగింది.
3. గ్లోలో ఉంగరాలు ఉంగరాలుగా చారలు. ముదురు రంగుల మధ్య మెట్లు తక్కువ కాబట్టి పెద్ద గ్రేడియెంట్ మెట్లు మెట్లుగా కనపడద్ది. పీఎన్‌జీని గింప్ అనే ఫోటో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి కొద్దిగా ఆర్‌జీబీ నాయిస్ (ఇసక చల్లినట్టు సన్నటి రంగు చుక్కలు) వేస్తే చారలు విరిగిపోయినయ్. కంటికి నాయిస్ కనపడనంత తక్కువ వెయ్యాలి.

పీఎన్‌జీలు రెండు పెట్టుకోండి, ఒకటి ప్రింటుకి, ఒకటి వాట్సాప్‌కి. ప్రింటుది ఫోన్లో చూస్తే గ్లో ఎక్కువై వెలిసిపోయినట్టు ఉంటది.

ఇంకా చెయ్యాల్సింది

ఒంగోలు వాళ్ళు ఇప్పుడు ఎర్ర కొవ్వొత్తి కూడా అడుగుతున్నారు. మొదలుపెట్టిన దాన్నిబట్టి చెప్తున్నా, ఒంటి గ్రేడియెంట్‌లో కింది మూడు స్టాప్‌లు ఎరుపు చేస్తే సరిపోదు. రంగు మైనంలోంచి వెలుగు తక్కువ దూరం దిగుద్ది, వెలిగే భాగం తెల్లదానిలో 2 సెం.మీ. ఉంటే దీనిలో 1 సెం.మీ. కూడా లేదు. 25 శాతం దగ్గరున్న స్టాప్‌ని 12కి లాగి, రంగు 190-40-24 పెట్టా, పై అంచు ఎలిప్స్ 255-120-70. మంట, ఒత్తి, గ్లో చిన్నది అట్టాగే ఉంచేశా. నడిమి గ్లో మైనం మీద పడే చోట ఎరుపు ఎక్కువైపోతా ఉంది, దాన్ని మైనం దాకా క్లిప్ చేసి ఒపాసిటీ విడిగా తగ్గించి చూడాలి.